రోజుకు మూడు రూపాయల మాత్రలు: ఒక మిర్చి యార్డు హమాలీ కేసు

గుంటూరులో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మా పరిధిలో మిర్చి యార్డు ముఠా కూలీల ఇళ్లు ఎక్కువ. వాళ్లలో ఒకాయన కేసు ఇది. ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. ఆనవాలు తెలిసే వివరాలు తీసేశాను.

జబ్బు రాకముందే ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టడం గురించి రెండు మాటలు తరచూ వింటుంటాను. ఇవాళ రూపాయి పెడితే రేపు పది మిగులుతాయని కొందరంటారు. ఈ స్క్రీనింగులన్నీ దండగ, ఆ డబ్బుతో ఒక మంచి ఆసుపత్రి కడితే నయమని ఇంకొందరంటారు. ఈ కేసుకు ముందు నేను మొదటి మాటే చెప్పేదాన్ని. మీటింగుల్లో చెప్పాను, పోస్టింగుకి వచ్చిన మెడికల్ కాలేజీ పిల్లలకు చెప్పాను. ఇప్పుడు అంత తేలిగ్గా ఆ మాట అనలేను. రెండో మాట తప్పని మాత్రం మునుపటికంటే గట్టిగా అంటాను. ఎందుకో తెలియాలంటే కేసు మొదటి నుంచి చెప్పాలి.

మొదటి మూడు నెలలు

2021 నవంబరు. ముప్పై ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగర్ చూసే కార్యక్రమంలో మా వార్డు హెల్త్ సెక్రటరీ, ఆశా కలిసి ఇంటింటికీ తిరుగుతున్నారు. ఆ వీధికి పొద్దుపోయాక వెళ్లారు కాబట్టి ఆయన ఇంట్లో దొరికాడు. వయసు 46. ఇరవై ఏళ్లకు పైగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తున్నాడు. బీపీ 194/118. మిషన్ తప్పు చూపిస్తోందేమోనని ఆశా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. 190/116.

మర్నాడు ఆశాయే వెంటబెట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఆయాసం లేదు. "టిక్కీ ఎత్తి లారీ మీదేస్తన్నా, నాకు రోగమేందమ్మా?" అన్నాడు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. బీపీ అంటే లావుగా ఉన్నవాళ్లకు, కూర్చుని తినేవాళ్లకు, ఊరికే కోపం తెచ్చుకునేవాళ్లకు వచ్చేదని మనవాళ్ల నమ్మకం. ఈయన సన్నగా, కండ తేలి ఉన్నాడు. షుగర్ లేదు. బీడీలు రోజుకొక కట్ట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు, వాళ్ల నాన్న కాలూ చెయ్యీ పడిపోయి పోయాడని.

పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ దాటితే మాత్ర మొదలుపెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలన్నది మేం పాటించే పద్ధతి. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు ఇచ్చి, చీటీ రాసి ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి పంపాను. వెళ్లాడు. ఈసీజీలో గుండె ఎడమ గది గోడ మందమైనట్టు కనిపించింది. అంటే ఈ బీపీ నిన్న మొన్నటిది కాదు, ఏళ్ల తరబడి ఉన్నదే. కిడ్నీలు బాగానే ఉన్నాయి. డిసెంబరులో చూస్తే 168/104. టెల్మిసార్టాన్ 40 కలిపాను. 2022 జనవరిలో 148/92. ఇంకొక్క మెట్టు దిగితే చాలనుకుని నాకు చాలా సంతోషమేసింది.

ఫిబ్రవరిలో రాలేదు. మేము కూడా వెతకలేదు.

పక్షవాతం

2022 డిసెంబరులో ఒక రోజు తెల్లవారుజామున పళ్లు తోముకుంటూ పడిపోయాడు. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ముందు వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కడి నుంచి ఒక ప్రైవేటు ఆసుపత్రికి. స్కాన్ తీస్తే మెదడులో ఎడమవైపు, లోపలి భాగంలో రక్తనాళం చిట్లి రక్తం చేరింది. రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చిన పక్షవాతమైతే నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి అవకాశం ఉంటుంది. చిట్లిన రకానికి ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. బీపీని అదుపులో పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. ఏళ్ల తరబడి అదుపు లేని బీపీ తెచ్చే పక్షవాతాల్లో ఇది అచ్చంగా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది.

మొదటి రెండు రోజుల ఖర్చు అప్పు తెచ్చి కట్టారు. తర్వాత ఆరోగ్యశ్రీ కింద వేరే ఆసుపత్రిలో పదిహేడు రోజులున్నాడు. ప్రాణం దక్కింది. నడక రాలేదు. మాట ఇప్పటికీ రెండు మూడు ముక్కలే. "నీళ్లు" అంటాడు, "వద్దు" అంటాడు, కూతురిని పేరు పెట్టి పిలుస్తాడు. ఆయన భార్య కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఆయన్ని చూసుకోవడానికి ఆవిడ పని మానేసింది. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న కూతురు ఆ ఏడు పరీక్షలు రాయలేదు, తల్లి బదులు తొడిమల పనికి వెళ్లింది.

ఎక్కడ జారింది

డిశ్చార్జి అయ్యాక నేను వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. మేమిచ్చిన మాత్రలే. ఆమ్లోడిపిన్ ఒక షీటు, ఇంకో సగం షీటు అలాగే ఉన్నాయి. వాటిని చూశాక నాకు నోట మాట రాలేదు. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు.

అంతవరకు నా మనసులో ఉన్న కారణం ఒకటే: పేషెంట్ మందులు మానేశాడు. రిజిస్టరులో కూడా అలాగే రాసుకుంటాం. ఆ రోజు గంటన్నర కూర్చుంటే తెలిసిన సంగతులు వేరు.

సీజన్ మొదలైంది. కొత్త సరుకు ముమ్మరంగా దిగే రోజుల్లో గుంటూరు యార్డుకు రోజుకు లక్ష టిక్కీలు దాటి వస్తాయి. ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ మూడు నాలుగు నెలల్లోనే. ముఠాలో ఒక మనిషి తగ్గితే ఆ బరువు మిగతావాళ్ల మీద పడుతుంది, రాని మనిషికి ఆ రోజు వాటా ఉండదు. మా ఓపీ పొద్దున. ఆయన పని కూడా పొద్దునే. మేము ఉచితంగా ఇస్తున్నామనుకుంటున్న మాత్రలకు ఆయన ఒక రోజు కూలి చెల్లించాలి. నేను అది ఎప్పుడూ ఖర్చు కింద లెక్క వేయలేదు.

అయినా మార్చిలో ఒకసారి వచ్చాడట. ఆ రోజు టెల్మిసార్టాన్ స్టాకు లేదు, వచ్చే వారం రమ్మన్నాం. నాకు గుర్తు కూడా లేదు. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని సగం మందుతో తిప్పి పంపాం. అది మా తప్పు. ఎలా చూసినా మాదే.

ఇక కాళ్ల వాపు. ఆమ్లోడిపిన్ వేసుకునేవాళ్లలో కొందరికి చీలమండల దగ్గర నీరు చేరుతుంది. ప్రమాదమేమీ కాదు, మందు మారిస్తే పోతుంది. కానీ మన ఊళ్లలో కాళ్లు వాచాయంటే వెంటనే కిడ్నీలు పాడయ్యాయనే అర్థం. పక్కింటివాళ్లు అదే చెప్పారు. ఇంగ్లీషు మందులు ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా మింగాలనీ, కిడ్నీలు తినేస్తాయనీ అన్నారు. ఆయన భయపడి మాత్ర మానేశాడు. వారంలో వాపు పోయింది. దాంతో పక్కింటివాళ్ల మాటే నిజమని నమ్మకం కుదిరింది. ఆయన కళ్లతో చూసిన సాక్ష్యం అది. జనవరిలో నా ముందు కూర్చున్నప్పటికే వాపు ఉందట. నేను అంకె చూసి సంతోషపడ్డాను, కాళ్లు చూడలేదు.

సలహాల సంగతి కూడా చెప్పాలి. రోజూ అరగంట నడవాలి, ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటకూడదు అని అందరికీ చెప్తాం. రోజంతా బరువులు మోసే మనిషికి నడక గురించి చెప్పడంలో అర్థం లేదు. ఉప్పు తగ్గించమంటే, ఎండాకాలంలో చొక్కా మీద ఉప్పు చారలు కట్టేలా చెమటలు పోస్తున్న తనకెందుకు ఆ మాట చెప్తున్నారో ఆయనకు అర్థం కాలేదు. సద్దిలోకి ఆవకాయో గోంగూర పచ్చడో తప్ప ఇంకేమీ ఉండని మనిషి. ఆయనకు నేను చెప్పదగిన మాటలు రెండే: బీడీ మానడం, మాత్ర మానకపోవడం. పది చెప్పి ఈ రెంటినీ వాటిలో కలిపేశాను.

లెక్క

ఇది నేను వేసుకున్న లెక్క, ఆడిట్ లెక్క కాదు. జనౌషధి దుకాణంలో ఆమ్లోడిపిన్ పది మాత్రల షీటు పది రూపాయల లోపే. టెల్మిసార్టాన్ కొంచెం ఎక్కువ. రెండూ కలిపి రోజుకు మూడు రూపాయలని వేసుకుందాం. ఏడాదికి 1,095 రూపాయలు.

ఇప్పుడు రెండో వైపు. ఆయనకు 2023లో పెన్షన్ మంజూరైంది, నెలకు 5,000. పక్షవాతంతో వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైనవాళ్లకు 2024 జూలై నుంచి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 15,000 చేసింది. అంటే ఏడాదికి 1,80,000. ఆ డబ్బు ఆ కుటుంబానికి ఎంత అవసరమో నేను కళ్లారా చూశాను. ఒక్క రూపాయి తగ్గించాలని నేను అనను. కానీ ఆ ఒక్క పెన్షన్ డబ్బుతో 164 మందికి ఏడాది పొడుగునా రెండు రకాల మాత్రలు ఇవ్వొచ్చు. పదిహేడు రోజుల ఆసుపత్రి ఖర్చు, ఆగిపోయిన ఇద్దరి కూలి, ఒక అమ్మాయి చదువు ఇందులో కలపనే లేదు.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే "రూపాయికి పది" అన్న మాటే గెలుస్తుంది. కానీ అది నిజాయితీ అనిపించుకోదు. ఎందుకంటే ఆ 164 మందిలో ఎవరికి పక్షవాతం రాబోతోందో ముందే తెలియదు, చాలామందికి ఏ మందూ లేకపోయినా రాదు. బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 17 వేల మందికి పైగా తేలికపాటి బీపీ ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనం 1985లో వచ్చింది. కింది అంకె 90 నుంచి 109 మధ్య ఉన్నవాళ్లు. 850 మందికి ఏడాది పాటు మందులిస్తే ఒక పక్షవాతం తప్పుతుందని తేలింది. రోజుకు మన మూడు రూపాయల చొప్పున 850 మందికి ఏడాదికి 9,30,750 రూపాయలు. అది మాత్రల ఖర్చే. నర్సు జీతం, పరీక్షలు, డాక్టరు సమయం పైన. పక్షవాతం వచ్చినవాళ్లంతా పెన్షన్ దాకా రారు కూడా. కొందరు చనిపోతారు, కొందరు కోలుకుని పనిలోకి వెళ్తారు. కాబట్టి తేలికపాటి బీపీ విషయంలో ఖజానాకు డబ్బు మిగులుతుందని నేను ప్రమాణం చేయలేను. మిగలకపోవచ్చు.

ఇంకొక అధ్యయనం అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు చేసినది, 1967లో వచ్చింది. చాలా చిన్నది, 143 మంది మగవాళ్లు. కింది అంకె 115 నుంచి 129. మందు పేరుతో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 70 మందిలో 27 మందికి, సగటున రెండేళ్లు కూడా నిండకముందే, ప్రాణాల మీదకు వచ్చింది. అసలు మందు వేసుకున్న 73 మందిలో ఇద్దరికే. అంటే ముగ్గురికి మందిస్తే ఒకరు పెద్ద ఆపద నుంచి బయటపడ్డారన్నమాట. ఈ ఆపదల్లో పక్షవాతం ఒక్కటే కాదు, గుండె, కిడ్నీ ఆపదలూ ఉన్నాయి. ముగ్గురికి రెండేళ్ల పాటు మన మాత్రలిస్తే 6,570 రూపాయలు.

అవే మాత్రలు, అదే మూడు రూపాయలు. ఒక చోట తొమ్మిది లక్షలు, ఒక చోట ఆరున్నర వేలు. మా హమాలీ కింది అంకె 118. ఆయన రెండో గుంపు మనిషి. నివారణకు పెట్టే డబ్బు తగినదేనా అని నన్నెవరైనా అడిగితే, ఎవరి మీద పెడుతున్నారో, వాళ్లను ఎంతకాలం పట్టుకుని ఉంటారో చెప్పమని నేను తిరిగి అడుగుతాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లందరికీ సాధారణ హెల్త్ చెకప్‌లు చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదని, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి బేరీజు వేసిన కాక్రేన్ సమీక్ష 2012లో తేల్చింది. 2019లో మళ్లీ చూసినా అదే వచ్చింది. నాకు ఆ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. 2021 నవంబరులో మా లెక్కల్లో ఈయన "స్క్రీనింగ్ పూర్తి" అయిన మనిషి. ఆశా తిరిగిన తిరుగుడు, జీజీహెచ్‌లో ఈసీజీ, రక్తపరీక్ష, మూడు నెలల మాత్రలు, వీటన్నిటికీ డబ్బు ఖర్చయింది. మిగతా పదకొండు నెలలు వదిలేశాం కాబట్టి ఆ మొదటి ఖర్చు కూడా వృథా అయింది. నెలవారీ సమీక్షలో పైనుంచి మమ్మల్ని ముందుగా అడిగేది ఎంతమందిని చూశారన్నదే. ఏడాది కిందట దొరికినవాళ్లలో ఇవాళ ఎంతమంది బీపీ 140/90 లోపు ఉందని ముందుగా అడిగితే మా పని తీరే మారిపోతుంది.

నివారణ అంతా ఒకటే రకం కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. 2018 మార్చిలో పాత గుంటూరులో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలింది, మనుషులు చనిపోయారు. ఆ జబ్బును ఆపాలంటే పైపులు బాగుచేయాలి, క్లోరిన్ సరిగా కలపాలి. ఆ పని జరిగితే కుళాయి తిప్పే ప్రతి మనిషికీ రక్షణ అందుతుంది, ఆ మనిషి గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. పోలియో చుక్కలకు తల్లి బిడ్డను కొన్నిసార్లు ఎత్తుకొస్తే చాలు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు, 2014లో పోలియో రహిత సర్టిఫికెట్ వచ్చింది. ఇలాంటి వాటి మీద పెట్టిన డబ్బు గురించి వాదనే అక్కర్లేదు. బీపీ అలా కాదు. ఒంట్లో ఏ బాధా లేని మనిషి ముప్పై ఏళ్ల పాటు రోజూ ఒక పని చేయాలి. రాష్ట్రంలో పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి బీపీ ఉన్నప్పుడు, చుక్కల మందు కార్యక్రమంలా ఒక ఆదివారం బూత్ పెట్టి అయిందనిపించలేం. ఇక్కడ డబ్బు పోయాల్సింది క్యాంపుల్లో కాదు, రెండోసారి, పన్నెండోసారి, యాభయ్యోసారి వెళ్లి తలుపు తట్టే మనిషి మీద.

తర్వాత మేం మార్చినవి

మా రిజిస్టరు వచ్చినవాళ్ల రిజిస్టరు. రానివాళ్లు అందులో కనిపించరు. 2023 ఫిబ్రవరి నుంచి ఒక్కో పేషెంట్‌కి ఒక్కో కార్డు రాసి, రావలసిన తేదీ ప్రకారం డబ్బాలో పెడుతున్నాం. తేదీ దాటిన కార్డు డబ్బాలో మిగిలిపోయి కంటికి కనపడుతుంది. శుక్రవారం ఆ కార్డులు ఆశాల చేతికి వెళ్తాయి. ఇంతకంటే గొప్ప టెక్నిక్ ఏమీ లేదు.

సీజన్ మొదలయ్యే ముందు, జనవరిలో, బీపీ నిలకడగా ఉన్న యార్డు కూలీలకు రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తున్నాం. వారానికి ఒక సాయంత్రం, పని దిగే వేళకు, నర్సూ నేనూ వాళ్ల వీధిలోనే కూర్చుంటున్నాం. మొదటి రెండు వారాలు ఎవరూ రాలేదు. ముఠా మేస్త్రి ఒకాయన వచ్చి చూపించుకున్నాక మిగతావాళ్లు వచ్చారు. ఈ సాయంత్రాలకు విడిగా బడ్జెట్ లేదు, ఇద్దరం సర్దుకుని చేస్తున్నాం. నాకు బదిలీ అయితే ఇది నడుస్తుందన్న నమ్మకం లేదు, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. మాత్రలకు డబ్బు దొరుకుతోంది, మిషన్లకు దొరుకుతోంది. వెతికి వెళ్లే మనిషి సమయానికి ధర కట్టే పద్ధతి మాత్రం ఇంకా రాలేదు.

మార్చిన వాటిలో పైసా ఖర్చు లేనిది ఒకటుంది. ఆమ్లోడిపిన్ ఇచ్చే ప్రతి మనిషికీ మొదటి రోజే చెప్తున్నాను: కాళ్లు వాస్తే భయపడొద్దు, మాత్ర ఆపొద్దు, ముందు నాకు కబురు పెట్టండి. వచ్చిన ప్రతిసారీ చీలమండ దగ్గర వేలితో నొక్కి చూస్తున్నాను.

ఆయన బావమరిది కూడా అదే ముఠాలో పని చేస్తాడు. 172/106 ఉండేది. బావ పడిపోయాక తనంతట తానే వచ్చాడు. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాడు, చివరిసారి చూసినప్పుడు 130/84. ఆయనకు పక్షవాతం రాకపోవడం మా గొప్పేనని నేను చెప్పలేను. మందు లేకపోయినా రాకపోయేదేమో. ఒక మనిషి విషయంలో ఇది తేలదు, వెయ్యి మందిని చూస్తేనే తేలుతుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని బతికినవాళ్లు డాక్టరుకు దండం పెడతారు. జబ్బు రానివాళ్లకు దండం పెట్టాలని తెలిసే వీలే లేదు. బడ్జెట్ రాసే చోట కూడా ఇదే జరుగుతుందని నా అనుమానం.

2024 ఆఖర్లో ఆయన భార్యకూ బీపీ బయటపడింది, 156/98. ఆయన్ని ఒక్కణ్నీ వదిలి కేంద్రానికి రావడం ఆవిడకు కుదరదు. "ఆశాతో పంపండి మేడం, వేసుకుంటాను" అంది. ఇప్పుడు ఆ ఇంటికి ఇద్దరి మాత్రలూ ఒకే కవరులో వెళ్తాయి. ఆయన మాత్రలు ఆవిడ వేస్తుంది. ఆవిడ వేసుకుందో లేదో కూతురు చూస్తుంది. మొన్న ఆ అమ్మాయి ఆశాకి ఫోన్ చేసి, అమ్మకి కాళ్లు వాచాయి, మాత్ర ఆపలేదు, ఏం చేయమంటారో మేడంని అడగమంది. ఆ సాయంత్రమే వెళ్లి చూశాను. ఆమ్లోడిపిన్ తీసేసి టెల్మిసార్టాన్ ఇచ్చాను. కార్డు మీద పదిహేను రోజుల తర్వాతి తేదీ వేశాను.